మూడు చుక్కల తెల్లకోటు

తెలుపంటే అంతా ఒకటే అనుకుంటారు జనం. కాదు. నీలిమందు ఎక్కువై చచ్చిన తెలుపు వేరు, మిషన్లో తిప్పితే వచ్చే బూడిద తెలుపు వేరు, నీడన ఆరి పాలిపోయిన తెలుపు వేరు. బన్సీలాల్‌పేట్ సుమిత్ర ఉతికిన తెలుపు వీటిలో దేనితోనూ కలవదు. మా నర్సింగ్‌హోమ్ మెట్ల మీద ఇరవైమంది నర్సులు నిలబడితే ఎవరి కోటు సుమిత్ర చేతిలో పడిందో, ఎవరు ఇంట్లో ఉతుక్కున్నారో రోడ్డవతల నుంచే చెప్పేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు అక్కడ ఆయాగా చేశాను. అందులో పద్దెనిమిదేళ్లు బట్టల గది తాళంచెవి నా కొంగుకే ఉంది. కాబట్టి సుమిత్ర గురించి నాకంటే ఎక్కువ తెలుసని ఎవరైనా అంటే వాళ్లతో నాకు మాటల్లేవు.

సుమిత్ర పుట్టింది కాప్రాలో. వాళ్ల నాన్న ఆ చెరువు ఒడ్డునే ఉతికేవాడు. పెళ్లయి బన్సీలాల్‌పేట్ వచ్చేసరికి ఆమెకు చీరలు ఉతకడం వచ్చుగానీ తెల్లబట్టలు రావు. అత్త నేర్పింది. రక్తం మరకకి వేడినీళ్లు తగలనివ్వకూడదు, చన్నీళ్లే. పసుపు మరకకి సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది, భయపడి రుద్దకూడదు, ఎండలో వేస్తే ఎండే తినేస్తుంది. తుప్పుకి నిమ్మకాయ, ఉప్పు. చాకలి సోడా వేసి భట్టీలో మరిగించాలి, మరిగించినదాన్ని జాడించాలి, ఆఖరి నీళ్లలో నీలిమందు చిటికెడు, ఆ తర్వాత పలచటి గంజి. ఈ వరసలో ఒక్కటి ముందువెనకలైనా అత్త బట్ట మొత్తం మళ్లీ బండ దగ్గరికి విసిరేసేదట.

ఇంకొకటి కూడా అత్త దగ్గర నుంచే వచ్చింది, చుక్కల గుర్తు. నల్ల జీడిగింజలో సూది గుచ్చి, ఆ రసంతో కాలరు లోపల చుక్క పెడితే బట్ట చిరిగేదాకా పోదు. సుమిత్రకు చదువు లేదు. మా నర్సింగ్‌హోమ్ బట్టలన్నిటికీ ఆమె పెట్టిన లెక్క ఇది: ఓపీ వాళ్ల కోటుకి ఒక చుక్క, వార్డు వాళ్లకి రెండు, ఐసీయూ వాళ్లకి మూడు. వంటగది వాళ్ల చొక్కాకి అడ్డగీత. మేట్రన్ జ్ఞానమణమ్మ కోటుకి మాత్రం చిన్న సున్నా.

"అందరికీ చుక్కలు పెట్టి నాకు సున్నా ఏంటి?" అని మేట్రన్ ఒకసారి అడిగింది.

"మీరు గుండ్రంగ ఉంటరు గదమ్మా, యాదికుంటదని పెట్టిన" అంది సుమిత్ర.

జ్ఞానమణమ్మ ప్రభువును తలుచుకుని ఊరుకుంది. సుమిత్ర నోరు అలాంటిది. నా నోటితో సమానమని కొందరంటారు గాని, నేను ఒప్పుకోను.

ఆమె భర్త హరికిషన్ దానికి పూర్తిగా వేరు. చెవులు సరిగ్గా వినపడవు, మాట అసలే తక్కువ. ఇంటి వసారాలో బల్ల వేసుకుని బొగ్గుల ఇస్త్రీపెట్టెతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడతాడు. కరెంటు పెట్టె కొనమని ఎంతమంది చెప్పినా వినలేదు. అరచెయ్యి పెట్టె దగ్గరగా పెట్టి వేడి చూసుకుంటాడు. ఎడమ చేత్తో తడి గుడ్డ, కుడి చేత్తో పెట్టె. ఆయన మడిచిన కోటు తీసుకుంటే అంచులు కాగితంలా ఉంటాయి. నలభై ఏళ్లలో ఒక్క బట్ట కాల్చలేదని సుమిత్ర ఎదురుపడ్డ ప్రతివాళ్లకీ చెప్పేది. ఆయన ముందు మాత్రం ఎప్పుడూ మెచ్చుకోలేదు. "ఇంకెంత సేపయ్యా, కోట్ల మీద సంతకాలు పెడుతున్నవా?" అని అరిచేది. ఆయనకి అది సగం వినపడేది, సగానికి నవ్వేవాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. రెండేళ్ల కిందట కొత్త మేనేజరు విజయేందర్ వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. కరోనా తర్వాత అన్నిచోట్లా కొత్త పద్ధతులు వచ్చాయి కదా, ఆ పద్ధతుల కాగితం ఒకటి పట్టుకుని బట్టల గదికి వచ్చాడు. నర్సుల కోట్లు, వంటగది చొక్కాలు అన్నీ ఇకనుంచి బ్లీచింగ్ నీళ్లలో అరగంట నానబెట్టాలన్నాడు.

"భట్టీల మరిగిస్తున్నం గద సారూ. దాంట్ల ఏ పురుగు బతుకుతది?" అంది సుమిత్ర.

"చూడమ్మా, కాగితంల ఏముందో అదే చెయ్యాలె. రేపు తనిఖీకి వచ్చినోళ్లు మరిగిస్తున్నమంటే నమ్మరు. బ్లీచింగ్ డబ్బా చూపిస్తే నమ్ముతరు."

సుమిత్ర గొణుక్కుంటూనే ఒప్పుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు కూడా కొంత సుఖంగానే ఉండింది. కట్టెల పొగ అని పక్కింటివాళ్లు గొడవ చేయడం మానేశారు, కళ్లు మండటం తగ్గింది. కోట్లు కూడా తెల్లగానే వస్తున్నాయి. నెమ్మదిగా భట్టీ మూలపడింది. దాంట్లో ఎవరిదో కోడి వచ్చి గుడ్లు పెట్టడం మొదలెట్టింది.

పోయిన ఏడాది చలికాలం పోతుండగా మొదటి మరక కనిపించింది. అనుపమ అని ఐసీయూలో చేసే పిల్ల, సైనిక్‌పురి నుంచి స్కూటీ మీద వస్తుంది, కోటు తొడుక్కుని రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చి బట్టల గది తలుపు పట్టుకుని నిలబడింది.

"ఆంటీ, మేట్రన్ మేడమ్ నన్ను తిట్టిన్రు. టీ ఒలకపోసుకున్నవా అని అడిగిన్రు అందరి ముందు. నేను టీయే తాగను ఆంటీ!"

చూశాను. జేబు అంచు మీద గోధుమరంగు చార. వేలెడంత. టీ మరకలా ఉందిగాని టీ కాదు. టీ మరకకి అంచు ముదురుగా ఉంటుంది, దీనికి లేదు. ఇంకో కోటిచ్చి పంపాను. ఆ వారం ఇంకో మూడు వచ్చాయి. మరుసటి వారం పదకొండు. జేబుల అంచులు, చేతుల చివర్లు, ముందు భాగంలో కుడివైపు. కొన్నిటి మీద అరచెయ్యి అద్దినట్టు పెద్ద మచ్చ.

సుమిత్రకు చూపించాను. ఆమె ముఖం మాడిపోయింది.

"తడిగున్నప్పుడు లేదక్కా ఇది. దండెం మీద సుత లేదు. నా కండ్లతోని చూసి మూట కట్టిన."

"మరి ఎప్పుడొచ్చిందే?"

ఆమె కోటు తిప్పి ఇస్త్రీ మడత మీద వేలు నడిపింది. ఆలోచన ఎటు పోయిందో నాకు తెలిసింది. దండెం తర్వాత ఆ బట్ట వెళ్లేది ఒక్కచోటికే.

విజయేందర్‌కి ఆలోచించే పని కూడా లేకపోయింది. కోటు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇస్త్రీ కాల్చింది" అన్నాడు. "ఆయనకి ఏజ్ అయిపోయింది. బొగ్గుల పెట్టె, కండ్లు కనవడవు. వచ్చేనెల తనిఖీకి వస్తున్నరమ్మా. గిట్ల మచ్చలతోని నర్సులను నిలబెడితే నా పని ఖతం. కాప్రాల పెద్ద మిషన్ లాండ్రీ ఉంది, ఫస్టు నుంచి వాళ్లకి ఇచ్చేస్త. మీరు మంచిగనే చేసిన్రు ఇన్నేండ్లు, నేను కాదంటలేను."

"నేను పుట్టిన ఊరోనికే నా పని ఇస్తవా సారూ" అంది సుమిత్ర. అంతే అంది. నేను ఆమెను అంత తక్కువ మాటలతో ఎప్పుడూ చూడలేదు.

ఫస్టు తారీకుకి పంతొమ్మిది రోజులున్నాయి.

ఆ సాయంత్రం నేను మరకల కోట్లు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. పేటలోని పాత మెట్లబావిని బాగుచేసిన దగ్గర నుంచి ఆ సందులో ఫొటోలు తీసుకునేవాళ్ల రద్దీ. అందరినీ తోసుకుంటూ పోయేసరికి లోపల నుంచి సుమిత్ర గొంతు వీధి చివరికి వినిపిస్తోంది.

"కండ్లు కనవడకపోతే చెప్పాలె గద! అద్దాలు తెచ్చుకొమ్మని ఎన్నిసార్లు చెప్పిన? నలభై ఏండ్ల పేరు పోగొట్టినవ్. ఇప్పుడు కాప్రోడొచ్చి నెత్తిమీద కూసుంటడు. తక్లీఫ్ అయితుందని ఒక్క మాటంటే నేనే ఇస్త్రీ చేద్దును గద!"

హరికిషన్ బల్ల ముందు నిలబడి ఉన్నాడు. పెట్టెలో బొగ్గులు లేవు. ఖాళీ పెట్టె బల్ల మీద ఉంది. ఆయన దాని అడుగు భాగాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు.

"అన్నయ్యా, మీరు కాల్చారా?" అని గట్టిగా అడిగాను.

ఆయన నన్ను చూసి, కోటు చూసి, మెల్లగా అన్నాడు. "కాలలే అనుకుంటున్న. గని అందరు కాలిందంటున్నరు. కాలే ఉంటది."

అది విని నాకు కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. ఆ మనిషికి తన చెయ్యి మీద నమ్మకం పోయింది. ఆ మరుసటి రోజు నుంచి ఆయన ఇస్త్రీ పెట్టె ముట్టలేదని, కంచంలో అన్నం సగం వదిలేస్తున్నాడని సుమిత్రే నాకు చెప్పింది. చెప్తూ కూడా ఆయన్నే తిట్టింది. కాని తిట్టులో పస లేదు.

ఇస్త్రీ ఇప్పుడు ఆమే చేస్తోంది. మరకల సంగతి కూడా తేల్చాలనుకుంది. నిమ్మకాయ, ఉప్పు పెట్టింది, పోలేదు. పెరుగు రాసి ఎండలో పరిచింది, పోలేదు. సోడాలో రాత్రంతా నానేసింది, పోలేదు. చివరికి ఎవరైనా చేసేదే చేసింది, బ్లీచింగ్ రెట్టింపు పోసింది. మామూలుగా ఒక గ్లాసు పోసేచోట రెండు పోసింది. మరక తెల్లబడకపోతే మందు సరిపోలేదనుకోవడం సహజమే కదా.

వారం తర్వాత మూట విప్పితే నలభై కోట్లలో ఇరవై ఆరింటికి మచ్చలు. పాతవి ముదిరాయి, కొత్తవి పుట్టాయి.

"సుమిత్రా" అన్నాను, "ఇవి ఎవరు ఇస్త్రీ చేశారు?"

"నేనే."

"పెట్టె?"

"సల్లగ పెట్టిన. చెయ్యి ఆనించి చూసుకుని చేసిన. ఒక్క చోట సుత ఆపలే." నా చేతిలోని కోటు లాక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "కాలిన వాసన లేదక్కా. కాలితే బట్ట పెళుసైతది. గిది మెత్తగనే ఉంది."

"అయితే అన్నయ్య కాల్చలేదన్నమాట."

సుమిత్ర నా వైపు చూడలేదు. నేల మీద కూర్చుని కోట్లన్నీ ముందేసుకుంది. మరకలున్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు వేసింది. ఆ తర్వాత ఒక్కో కోటు కాలరు తిప్పి లోపల చూడటం మొదలెట్టింది. నాకు ఓపిక తక్కువ. "ఏం చూస్తున్నావే, మీ అత్త మొహం కనబడుతోందా?" అన్నాను.

"మూడు చుక్కలు" అంది. ఇంకో కాలరు. "మూడు." ఇంకోటి. "మూడు. మూడు. గిది రెండు. మల్ల మూడు."

మరకలున్న ఇరవై ఆరులో ఇరవై ఒకటి మూడు చుక్కలవి. ఐదు రెండు చుక్కలవి. ఒక్క చుక్క కోటు ఒక్కటీ లేదు. అడ్డగీత చొక్కాల మీద పాత మసాలా జాడలున్నాయిగాని ఈ గోధుమరంగు మచ్చ ఒక్కదానికీ లేదు. సున్నా కోట్లు రెండూ పాలలా ఉన్నాయి.

"అన్నీ ఒక్క తొట్టిల నానినయ్. ఒక్క పెట్టెతోని ఇస్త్రీ అయినయ్" అంది సుమిత్ర. "ఇస్త్రీ కాలిస్తే వంటోని చొక్కా ఎందుకు కాలలే? ఐసీయూ పిల్లల కోట్లే ఎట్ల ఏరుకున్నది పెట్టె? కుసుమక్కా, నువ్వు లోపల్నే తిరుగుతవ్ గద. ఐసీయూల గా పిల్లలు చేసేది, వంటగదిల చెయ్యనిది ఏంది? చేతులతోని చేసేది."

నేను ఆలోచించాను. మందులివ్వడం, సూది వెయ్యడం, పేషెంటుని తిప్పడం. అవి వార్డులో కూడా చేస్తారు. ఆ తర్వాత తట్టింది. ఐసీయూలో ఆ చలికాలమే ప్రతి మంచం కాళ్ల దగ్గర కొత్తగా ఒక సీసా తగిలించారు. నొక్కితే నీలం నీళ్లు వస్తాయి, చేతులకి రుద్దుకోవాలి. ఒక పేషెంటుని ముట్టే ముందు, ముట్టిన తర్వాత. ఆ పిల్లలు రోజుకి వందసార్లు రుద్దుకుంటారు. రుద్దుకుని ఆరకముందే జేబులో చెయ్యి పెట్టి పెన్ను తీస్తారు, కోటుకి తుడుచుకుంటారు. వార్డులో సీసాలు తక్కువ. వంటగదిలో మామూలు సబ్బు.

"మరి మేట్రనమ్మ కోటుకి లేదేంది?" అంది సుమిత్ర.

"ఆవిడ చేతులు రుద్దుకునేది తనిఖీ వచ్చిన రోజు మాత్రమే."

ఇద్దరం నవ్వాం. చాలా రోజుల తర్వాత నవ్వాం.

మర్నాడు ఐసీయూలో అయిపోయి చెత్తబుట్టలో వేసిన సీసా ఒకటి అనుపమనడిగి తీసుకున్నాను. అడుగున రెండు చెంచాలు మిగిలింది. సుమిత్ర ఒక కొత్త దిండు గలీబు చింపి మూడు ముక్కలు చేసింది. ఒకదానికి సీసా నీళ్లు రుద్ది, మామూలు సబ్బుతో ఉతికింది. ఒకదానికి ఏమీ రుద్దకుండా బ్లీచింగ్ నీళ్లలో ముంచింది. మూడోదానికి సీసా నీళ్లు రుద్ది, బ్లీచింగ్‌లో ముంచింది. మూడూ ఎండలో ఆరాయి. మూడూ తెల్లగానే ఉన్నాయి. మూడోది కొంచెం మీగడ రంగుకి తిరిగిందేమోనని నాకు అనుమానం, చెప్పలేను.

"ఓ అయ్యా!" అని కేకేసింది సుమిత్ర. "బొగ్గులు రాజెయ్యి. పెట్టె పట్టుకో."

హరికిషన్ కదల్లేదు. సుమిత్ర వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. ఆయన బొగ్గులు రాజేశాడు, అరచెయ్యి పెట్టి వేడి చూసుకున్నాడు. మొదటి ముక్క మీద పెట్టె నడిపాడు. తెలుపు. రెండో ముక్క మీద నడిపాడు. తెలుపు. మూడో ముక్క మీద అదే పెట్టె, అదే చెయ్యి, అదే వేగం. పెట్టె వెనకాలే గోధుమరంగు పైకి తేలింది, చార చారగా, రుద్దిన వేళ్లు రుద్దినట్టే.

హరికిషన్ పెట్టె పక్కన పెట్టి ముక్కను ఎత్తి చూశాడు. సుమిత్ర వైపు తిప్పి చూపించాడు. ఆమె ఆయన్ని అన్న మాటలన్నిటికీ జవాబు ఆ గుడ్డముక్క మీదే ఉంది.

"నా తొట్టిలదే ఇది" అంది సుమిత్ర. "నేనే పోసిన. రెండు గ్లాసులు పోసిన."

"మేనేజరు చెప్తే పోశావు" అన్నాను.

"ఒక్క గ్లాసు ఆయన చెప్పిండు. రెండోది ఎవరు చెప్పిన్రు?"

అప్పుడు నేను ఆమెకు బుద్ధి చెప్పబోయాను. విజయేందర్ దగ్గర రెండో గ్లాసు ఊసెత్తకు, తప్పంతా కాగితం మీద పోతుంది, నీ పని నీకుంటుంది అన్నాను. తెలివైన మాటే. ఇప్పటికీ తెలివైనదే అంటాను. సుమిత్ర విననట్టే ముక్కలు మూడూ మడిచి కొంగులో కట్టుకుంది.

మర్నాడు పది గంటలకి డాక్టర్ సత్యదేవ్‌గారి గదిలో నిలబడ్డాం. ఆయన మా నర్సింగ్‌హోమ్ పెట్టిన మనిషి, డెబ్బై దాటాయి, కత్తి పట్టడం మానేసినా రోజూ వచ్చి కూర్చుంటారు. విజయేందర్ ఉన్నాడు, జ్ఞానమణమ్మ ఉంది. హరికిషన్ రానన్నాడు. సుమిత్ర ఊరుకోలేదు, ఉతికిన చొక్కా తొడిగించి తీసుకొచ్చింది. ఆయన తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

సుమిత్ర ముక్కలు బల్ల మీద పరిచి జరిగింది చెప్పింది. చుక్కల సంగతి, సీసా సంగతి. విజయేందర్ మధ్యలో, "అట్లెట్ల అయితదమ్మా, అది క్రిములు చంపే మందు, ఇదీ క్రిములు చంపే మందే. రెండు కలిస్తే ఇంకా మంచిగ కావాలె" అన్నాడు.

డాక్టరుగారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మూడో ముక్క కిటికీ వెలుగులో పట్టుకున్నారు. చాలాసేపు చూశారు. "ఆ సీసాలో మందు బట్టను పట్టుకుంటే వదలదు" అన్నారు. "దాని మీద బ్లీచింగ్ పడితే రంగు తిరుగుతుంది. చాలా ఏళ్ల కిందట ఎక్కడో చదివాను, మర్చిపోయాను. విజయేందర్, సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు." విజయేందర్ సీసా తెప్పించి చదివాడు. ఉంది. చీమల కంటే చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది.

"అయితే ఇస్త్రీ కాదు" అన్నాడు విజయేందర్.

"కాదు సారూ. బ్లీచింగ్ మీరు చెప్పిన్రు, పోసిన. అది మీ దిక్కు" అంది సుమిత్ర. ఆ మాట దగ్గరే ఆగితే సరిపోయేది. నేను ఆమె మోచేతిని గిల్లాను కూడా. ఆగలేదు. "మచ్చలు చూసినంక ఎవర్ని అడగకుండ రెట్టింపు పోసింది నేను. ఇరవై ఆరు కోట్లల్ల సగం నా చేతులతోని పాడైనయ్. తెల్లబట్ట గురించి నాకు తెల్వనిది లేదనుకున్న. ఇంకోటి సుత చెప్పాలె." ఆమె తలుపు వైపు తిరిగి గొంతు పెంచింది. హరికిషన్‌కి వినపడాలని పెంచింది, ఆ గొంతుకి నడవాలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. "ఈయన ఒక్క కోటు సుత కాల్చలే. నలభై ఏండ్లల ఒక్కటి కాల్చలే. నేనే ఆయన్ని అన్న. తప్పయింది."

హరికిషన్ నేల చూస్తున్నాడు. ఎంత వినపడిందో తెలియదుగాని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడీ కోట్లు తెల్లబడతాయా?" అని అడిగారు డాక్టరుగారు.

"కావు సారూ. అది మరక గాదు. బట్టే మారింది. ఎవడు తీస్తనన్నా నమ్మకుండ్రి, కాప్రోడైనా సరే."

విజయేందర్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత తెలిసింది, అప్పటికే ఆ లాండ్రీకి మచ్చల్లేని పది తెల్లకోట్లు నమూనాగా పంపాడట. వాళ్లూ బ్లీచింగే వాడేసరికి వాటిలో ఆరు మచ్చలతో తిరిగొచ్చి అతని బీరువాలో ఉన్నాయి.

"మరి క్రిముల సంగతేంది?" అన్నాడు విజయేందర్. అడగాల్సిన మాటే అడిగాడు, ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

దానికి జవాబు జ్ఞానమణమ్మ ఇచ్చింది. "నేను ట్రైనింగ్ చేసిన రోజుల్లో మా హాస్టల్లో బట్టలన్నీ మరిగించేవాళ్లం బాబూ. మరిగే నీళ్లకంటే పెద్ద మందు లేదు."

డాక్టరుగారు ఆలోచించి, సుమిత్ర భట్టీలో ఇరవై నిమిషాలు మరిగించాలని, రక్తం పడ్డ దుప్పట్లు మాత్రం వేరే పద్ధతిలో పోవాలని, నర్సుల కోట్లకి బ్లీచింగ్ చుక్క తగలకూడదని చెప్పారు. కట్టెల బదులు గ్యాసు పొయ్యి పెట్టుకోమన్నారు. పాడైన కోట్లకు బదులు కొత్తవి నర్సింగ్‌హోమే కుట్టిస్తుందన్నారు. తనిఖీ అయ్యేదాకా సుమిత్రే ఉతుకుతుంది, ఆ తర్వాత చూద్దామన్నారు.

"చూద్దామంటే ఏంది సారూ?" అంది సుమిత్ర.

"చూద్దామంటే మచ్చలు రాకపోతే నువ్వే."

"రావు" అంది ఆమె.

గుమ్మం దాటాక హరికిషన్ మెట్ల దగ్గర ఆగాడు. ఎప్పుడూ అడగనిది ఒకటి అడిగాడు. "నిజంగ చెప్పినవా, గట్టిగ?"

"ఇంకెంత గట్టిగ చెప్పాలె? సగం సికింద్రాబాద్‌కి వినవడ్డది" అంది సుమిత్ర. "పద. కొత్త కోట్లు వస్తున్నయ్. బొగ్గులు లేవు ఇంట్ల."

భట్టీలోంచి కోడిని తరిమేశారు. తోమి, సున్నం రాసి, కొత్త గ్యాసు పొయ్యి మీద ఎక్కించారు. మొదటి మూట వచ్చిన రోజు ఆమె ఆస్పత్రికి వచ్చి ఊరికే పోలేదు. చెప్పులు విడిచి, మాస్కు కట్టుకుని, అనుమతి అడిగి ఐసీయూ గుమ్మం దాకా వచ్చింది. పిల్లలందరినీ పిలిచింది. అనుపమ ముందుకొచ్చింది.

"సీసా నొక్కినంక ఎంత సేపు రుద్దుకుంటరు బిడ్డా?"

"ఇరవై సెకన్లు ఆంటీ."

"తర్వాత?"

"తర్వాత... పని."

"తర్వాత చేతులు ఆరనియ్యాలె. ఆరినంకనే జేబుల పెట్టాలె. కోటుకి తుడుచుకుంటే మూడు చుక్కలు చూసి మీ ఐసీయూదేనని నాకు తెలుస్తది, ఇంటికొచ్చి మీ అమ్మలకి చెప్త. జెర గాలిల ఊపుండ్రి. గిట్ల."

ఆమె రెండు చేతులూ ఎత్తి ఊపి చూపించింది. పిల్లలు నవ్వుతూ ఊపారు. లోపలి మంచం మీదున్న పెద్దాయన తనకేదో చెప్తున్నారనుకుని ఆయన కూడా ఒక చెయ్యి ఎత్తాడు.

తనిఖీ వాళ్లు వచ్చిన రోజు నేను మెట్ల కింద నిలబడి లెక్కపెట్టాను. ఇరవై రెండుమంది నర్సులు, ఇరవై రెండు తెల్లకోట్లు, అంచులు కాగితంలా ఉన్నాయి. ఒకటి మాత్రం జేబు దగ్గర కొంచెం నలిగింది. అది అనుపమది, స్కూటీ మీద వస్తుంది కాబట్టి. ఇస్త్రీ తప్పు కాదు.